దాన్ని పుట్టించింది స్ప్రింగ్ కాదు

ఒంగోలు నుంచి వచ్చిన ప్రశ్న ఇది. కొత్తపట్నం వైపు రొయ్యల గుంటలలో నీటి పరికరాలు పెట్టారు. అవి డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, ఉష్ణోగ్రత చదివి పంపుతాయి. పరికరాలు అమ్మినవారు వాటితో పాటు ఒక జావా లైబ్రరీ ఇచ్చారు. రీడింగు వచ్చినప్పుడు ఏ క్లాసును పిలవాలో ఒక సెట్టింగుల ఫైలులో పేరు రాసి పెడితే, ఆ లైబ్రరీయే ఆ క్లాసుతో ఆబ్జెక్టు తయారు చేసుకుని పిలుస్తుంది. అడిగినవారి ప్రోగ్రామ్ స్ప్రింగ్ మీద నడుస్తుంది. ఆబ్జెక్టులను తయారు చేసి, ఒక్కొక్కదానికి కావలసినవి అమర్చిపెట్టే జావా ఫ్రేమ్‌వర్క్ అది. వారు ఆ ఫైలులో తమ క్లాసు పేరు రాశారు. ఆ క్లాసులో డేటాబేసుకు రాసే సర్వీసును, ఎస్ఎంఎస్ పంపే సర్వీసును ఆటోవైర్డ్ (స్ప్రింగే నింపవలసిన) ఫీల్డులుగా పెట్టారు, క్లాసు పైన కాంపొనెంట్ (స్ప్రింగ్ చూసుకోవలసిన క్లాసు) అని కూడా రాశారు. రీడింగులు వస్తున్నాయి, మెథడ్ నడుస్తోంది, ఫీల్డులు మాత్రం నల్, అంటే ఖాళీ. "స్ప్రింగ్‌లో ఏదైనా లోపమా? ఫీల్డులను స్టాటిక్ (ఆబ్జెక్టుకు కాక క్లాసుకే చెందినవి) చేసేయమని ఆఫీసులో అంటున్నారు. చేసేయమంటారా?"

స్ప్రింగ్ తన పని తాను చేసింది. మీ కాంపొనెంట్‌ను చూసి ఒక ఆబ్జెక్టును తయారు చేసి, రెండు సర్వీసులూ నింపి, పక్కన కూర్చోబెట్టింది. దాన్ని ఎవరూ పిలవడం లేదు. లైబ్రరీ అదే క్లాసు నుంచి రిఫ్లెక్షన్‌తో, అంటే పేరును బట్టి క్లాసును వెతికి పట్టుకుని, ఇంకొక ఆబ్జెక్టు తయారు చేసుకుంది. రీడింగులు అందుకుంటున్నది ఆ రెండోది. దాని పుట్టుక సంగతి స్ప్రింగ్‌కు తెలియదు.

నా మాట నమ్మనక్కర లేదు. మీ క్లాసు కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్టు పుట్టేటప్పుడు నడిచే భాగం) ఒక బ్రేక్‌పాయింట్ పెట్టి ప్రోగ్రామ్ నడపండి. కనీసం రెండుసార్లు ఆగుతుంది. ఒకసారి స్టాక్‌లో (ఎవరు ఎవరిని పిలిచారో చూపే జాబితా) మీ కన్‌స్ట్రక్టర్ కింది వరుసలలో స్ప్రింగ్ పేర్లు ఉంటాయి. ఇంకొకసారి పరికరం లైబ్రరీ పేర్లు ఉంటాయి. ఈ రెండో స్టాక్‌ను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, దానితో తరువాత పని ఉంది.

పెళ్లికి వంట మేస్త్రిని కుదుర్చుకుంటాము. కూరలు తరగడానికి, వడ్డించడానికి మనుషులను ఆయనే తెచ్చుకుంటాడు. ఆ కుర్రవాళ్లు ఎవరో మనకు తెలియదు, ఖాళీ చేతులతో వస్తారు. ఎవరి చేతికి ఏ కత్తిపీట ఇవ్వాలన్నది మన చేతిలో లేదు. అందుకని ఒక్కొక్క కుర్రవాడి వెంట పరుగెత్తము, మేస్త్రితోనే మాట్లాడతాము. "మా మనుషులు ఇద్దరున్నారు, వాళ్లనే పెట్టుకో" అంటాము. లేదా సామాను మూట ఆయన చేతికిచ్చి "నీ వాళ్లకు పంచు" అంటాము. ఆయన రెండింటికీ ఒప్పుకోకపోతే, కుర్రవాడు వంటగదిలోకి వచ్చాక పట్టుకుని చేతికిస్తాము. మీ సమస్యకు ఉన్న పరిష్కారాలు దాదాపు ఇవే. వాటిని ఈ వరుసలోనే ప్రయత్నించాలి. చాలామంది చివరిదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

ఆబ్జెక్టుకు కావలసినవి బయటి నుంచి అందించే ఈ పద్ధతికి డిపెండెన్సీ ఇంజెక్షన్ అన్న పేరు, ప్రోగ్రామింగ్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2004 జనవరిలో రాసిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. అందులో అసెంబ్లర్ అన్న పాత్ర ఒకటి వస్తుంది. ఆబ్జెక్టుకు కావలసినవి అమర్చిపెట్టే బాధ్యత దానిది. పుట్టించేదీ, అమర్చేదీ ఒకటే అయినంత కాలం అంతా సాఫీగా నడుస్తుంది. మీ దగ్గర పుట్టించేది లైబ్రరీ, అమర్చవలసినది స్ప్రింగ్. చిక్కంతా ఈ రెంటి మధ్య ఉన్న సందులోనే ఉంది.

మొదట వెతకవలసినది మేస్త్రి మన మనుషులను పెట్టుకునే దారి ఉందా అన్నది. కాస్త పేరున్న లైబ్రరీలలో చాలావాటికి ఈ దారి ఉంటుంది, చాలామందికి తెలియదు, అంతే. క్వార్ట్జ్ షెడ్యూలర్‌ను చూడండి. పని నడిపే ప్రతిసారీ అది జాబ్ క్లాసు నుంచి కొత్త ఆబ్జెక్టు తయారు చేస్తుంది, మామూలుగా అయితే ఖాళీ కన్‌స్ట్రక్టర్ తప్పనిసరి. అయితే జాబ్‌ఫ్యాక్టరీ అనే ఇంటర్‌ఫేస్‌ను మీరు అమలు చేసి షెడ్యూలర్‌కు ఇస్తే, ఆబ్జెక్టు కావలసినప్పుడల్లా అది మిమ్మల్నే అడుగుతుంది. బీన్ వ్యాలిడేషన్‌లో కన్‌స్ట్రెయింట్ వ్యాలిడేటర్ ఫ్యాక్టరీ ఉంది, వెబ్‌సాకెట్ ఎండ్‌పాయింట్లకు కాన్ఫిగరేటర్ ఉంది, జేసన్ లైబ్రరీ జాక్సన్‌లో సీరియలైజర్లకు హ్యాండ్లర్ ఇన్‌స్టాన్షియేటర్ ఉంది. డేటాబేసు లైబ్రరీ హైబర్నేట్ చాలా కాలం మొండికేసింది. 5.3 నుంచి బీన్ కంటైనర్ అన్న తలుపు తెరిచింది, స్ప్రింగ్ 5.1 ఆ తలుపుకు సరిపడే తాళంచెవి ఇచ్చింది. అప్పటి నుంచి హైబర్నేట్ పుట్టించే అట్రిబ్యూట్ కన్వర్టర్లలోనూ ఎంటిటీ లిజనర్లలోనూ నల్ బాధ పోయింది. అంతకుముందు అదే పని కోసం రాసిన చిట్కాలు మాత్రం ఇప్పటికీ కాపీ అవుతూనే ఉన్నాయి.

మీ పరికరం లైబ్రరీకి అంత పేరు లేదు, మంచి పత్రాలూ ఉండవు. కాగితం మీద రాసి పెట్టుకున్న స్టాక్ ఇప్పుడు తీయండి. మీ కన్‌స్ట్రక్టర్‌కు సరిగ్గా కింద రిఫ్లెక్షన్ వరుసలు కొన్ని ఉంటాయి, వాటిని దాటి లైబ్రరీ వరుస దగ్గర ఆగండి. ఆ క్లాసును ఐడీఈలో (కోడ్ రాసే సాధనం) తెరవండి. సోర్సు లేకపోయినా డీకంపైల్ చేసి చూపిస్తుంది. ఆ మెథడ్ ఒక ఇంటర్‌ఫేస్‌లో భాగమా? దాన్ని బయటి నుంచి మార్చే సెట్టర్ ఉందా? ఫ్యాక్టరీ, ప్రొవైడర్, రిజాల్వర్, ఇన్‌స్టాన్షియేటర్ అన్న మాటలతో ముగిసే పేర్లు చుట్టుపక్కల ఉన్నాయా? అరగంట పడుతుంది. ఆ అరగంట మిగుల్చుకుందామని రెండు రోజులు పోగొట్టుకున్నవారిలో నేనూ ఉన్నాను.

అక్కడే ఇంకొకటి కూడా చూడండి. క్లాసు పేరుకు బదులు తయారైన ఆబ్జెక్టునే నేరుగా నమోదు చేసే మెథడ్ ఉందేమో. సెట్టింగుల ఫైలు ఉదాహరణలతో నిండిన పత్రాలలో ఇది సాధారణంగా ఎక్కడో మూలన ఉంటుంది. వెబ్ అభ్యర్థనలకు జవాబిచ్చే సర్వ్‌లెట్లనే తీసుకోండి. వెబ్ ఎక్స్ఎంఎల్ ఫైలులో క్లాసు పేరు రాయడమే దారి అని ఏళ్ల తరబడి అనుకున్నాము. 2009లో సర్వ్‌లెట్ 3.0 వచ్చాక మనం తయారు చేసిన సర్వ్‌లెట్ ఆబ్జెక్టునే కంటైనర్ (సర్వ్‌లెట్లను నడిపే సర్వరు) చేతిలో పెట్టవచ్చు. అలాంటి మెథడ్ దొరికితే మిగిలినది చదవనక్కర లేదు. మీ స్ప్రింగ్ బీన్‌ను (స్ప్రింగ్ తయారు చేసి చూసుకునే ఆబ్జెక్టు) దానికి ఇచ్చి, ఫైలులో వరుస తీసేయండి.

ఫ్యాక్టరీ లేదు, నమోదూ లేదు, అయినా పుట్టిన ఆబ్జెక్టుకు సెట్టింగుల మూట అందుతుందా? సందేశాలు చేరవేసే కాఫ్కా ఈ తరహా. ఇంటర్‌సెప్టర్లను (సందేశాలను దారిలో పట్టి చూసే క్లాసులు) పేరుతోనే తయారు చేస్తుంది, వెంటనే కాన్ఫిగర్ అన్న మెథడ్‌ను పిలిచి సెట్టింగుల మ్యాప్ అంతా అందిస్తుంది. ఆ మ్యాప్‌లో విలువలు అక్షరాలే కావాలన్న నియమం లేదు. మీ సర్వీసు ఆబ్జెక్టునే ఒక పేరు కింద అందులో వేస్తే, ఇంటర్‌సెప్టర్ కాన్ఫిగర్‌లో బయటికి తీసుకోవచ్చు. చూడటానికి దొడ్డిదారిలా ఉంటుంది, నిజానికి శుభ్రమైన పద్ధతి. సందేశాలు అందుకునే కన్స్యూమర్లు రెండు ఉంటే ఎవరి మూటలో వారి సర్వీసు ఉంటుంది, స్టాటిక్‌తో అది కుదరదు. తెలియని సెట్టింగు ఉందని లాగ్‌లో ఒక హెచ్చరిక కనబడవచ్చు, పట్టించుకోకండి. మీ లైబ్రరీ సెట్టింగులను ఫైలు నుంచి మాత్రమే చదివేదైతే ఈ దారి మూసుకుపోయినట్టే.

ఇక పుట్టిన తరువాత పట్టుకుని నింపడం. స్ప్రింగ్‌లో ఆటోవైర్ కేపబుల్ బీన్ ఫ్యాక్టరీ అని ఉంది. దాని ఆటోవైర్‌బీన్ మెథడ్‌కు ఎవరో తయారు చేసిన ఆబ్జెక్టును ఇస్తే, ఆటోవైర్డ్ ఫీల్డులనూ సెట్టర్లనూ నింపి పెడుతుంది. జనం ఇది చూసి సంబరపడి అక్కడితో ఆగిపోతారు. ఇది చేయని పనులే అసలు ఇబ్బంది పెడతాయి.

పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ (ఫీల్డులు నిండాక నడవవలసినది) అని రాసిన మెథడ్ దీనితో నడవదు. దానికి ఇనిషియలైజ్‌బీన్ అన్న వేరే పిలుపు కావాలి. ఆ పిలుపు తిరిగి ఇచ్చేది మీరు ఇచ్చిన ఆబ్జెక్టే కావాలని లేదు. క్లాసు మీద ట్రాన్సాక్షనల్ (డేటాబేసులో రాస్తే అంతా రాయాలి, లేదా ఏదీ రాయకూడదు) అనో అసింక్ (పక్కన వేరుగా నడపాలి) అనో రాసి ఉంటే, స్ప్రింగ్ దాని చుట్టూ ఒక ప్రాక్సీ (పిలుపును ముందుగా అందుకునే ప్రతినిధి ఆబ్జెక్టు) చుట్టి ఆ ప్రాక్సీని తిరిగి ఇస్తుంది. మీరు దాన్ని ఎక్కడ పెడతారు? లైబ్రరీ దగ్గర ఉన్నది అసలు ఆబ్జెక్టు, పిలిచేది దాన్నే. ప్రాక్సీ మీ చేతిలో ఊరికే ఉండిపోతుంది, ట్రాన్సాక్షన్ ఎప్పుడూ మొదలు కాదు. తప్పు సందేశం రాదు, పరీక్షలో అంతా బాగానే కనబడుతుంది. సగం రాసిన రీడింగు ఒకటి డేటాబేసులో తేలినప్పుడు తెలుస్తుంది. ఎవరో పుట్టించిన ఆబ్జెక్టు మీద ట్రాన్సాక్షనల్ అన్న మాట కనబడితే, అది పనిచేయడం లేదనే ముందు అనుకోండి. పని ముగిశాక శుభ్రం చేసే మెథడ్‌నూ స్ప్రింగ్ తనంతట పిలవదు, ఆ ఆబ్జెక్టు దాని లెక్కలో లేదు.

కాన్ఫిగరబుల్ అని ఇంకొకటి ఉంది. యాస్పెక్ట్‌జే వీవింగ్‌తో, ఎవరు న్యూ అని ఆబ్జెక్టు తయారు చేసినా స్ప్రింగ్‌కు కబురు అందేలా క్లాసు బైట్‌కోడ్‌నే మారుస్తుంది. తెలివైన పద్ధతే. కానీ వీవింగ్ జరగని చోట నోరెత్తకుండా నల్ మిగులుతుంది. కొత్తగా చేరిన వ్యక్తి తన యంత్రంలో ఆ వీవింగ్ చేసే ఏజెంట్ పెట్టడం మరిచిపోయి, రెండు రోజులు తన కోడ్‌లో తప్పు వెతుక్కోవడం నేను చూశాను. వందల డొమైన్ ఆబ్జెక్టులకు సర్వీసులు కావాలంటే ఆలోచించండి. ఒక్క రీడింగు క్లాసు కోసం వద్దు.

మీ పరిస్థితిలో, అంటే ఫైలు తప్ప వేరే దారి ఇవ్వని లైబ్రరీతో, నేను చేసేది వేరు. లైబ్రరీ పుట్టించే క్లాసును వీలైనంత ఖాళీ పెంకుగా మార్చేస్తాను. దానిలో ఒకే మెథడ్, ఆ మెథడ్‌లో ఒకే పని. రీడింగును లైబ్రరీ రకం నుంచి మన సొంత రకంలోకి మార్చి, మన ఆబ్జెక్టుకు అందించి తప్పుకోవడం. డీఓ ఎంతకు పడిపోతే హెచ్చరించాలి, ఎవరికి ఎస్ఎంఎస్ పోవాలి, డేటాబేసులో ఏ వరుస రాయాలి అన్నవన్నీ మామూలు స్ప్రింగ్ బీన్‌లోకి పోతాయి. దానికి కన్‌స్ట్రక్టర్‌తోనే అన్నీ అందుతాయి, ట్రాన్సాక్షనల్ పనిచేస్తుంది, పరికరం లేకుండానే పరీక్షించవచ్చు. పెంకుకు ఇంజెక్షన్ కావలసిన అవసరం దాదాపు పోయింది. మిగిలినదల్లా ఒక్క చిరునామా, ఆ బీన్ ఎక్కడుందో తెలియడం.

ఆ ఒక్కదానికి స్టాటిక్ వాడతాను. మీ ఆఫీసులో చెప్పినది అంతవరకు తప్పు కాదు. అయితే స్టాటిక్‌లో స్ప్రింగ్ కంటెక్స్ట్ (బీన్లన్నీ ఉండే గూడు) మొత్తాన్ని పెట్టవద్దు. పెడితే రేపు ఎవరికి ఏది కావలసినా అందులోంచి లాగుతారు, ఆరు నెలలకు ప్రోగ్రామ్‌లో ఏది దేని మీద ఆధారపడిందో ఎవరూ చెప్పలేరు. రీడింగు అందుకోవడం అన్న ఒకే మెథడ్ ఉన్న ఇంటర్‌ఫేస్ మాత్రం అందులో ఉండాలి. పెంకు ఉన్న ప్యాకేజీ దాటి అది బయటికి కనబడకూడదు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి, మీరూ అదే గోతి వైపు వెళుతున్నారు కనుక.

అల్లూరు దగ్గర ఒక రైతు గుంటలకు ఇలాంటిదే చేశాను. పెంకు, స్టాటిక్, అన్నీ ఇప్పుడు చెప్పినట్టే. స్ప్రింగ్ లేచాక ఒక బీన్ ఆ స్టాటిక్‌ను నింపుతుంది. అప్పటికి నింపకపోతే పెంకు ఊరికే వెనక్కి పోతుంది, నల్ తప్పు రాకుండా నేనే ఆ ఇఫ్ రాశాను. కంప్యూటరు గుంటల పక్కన షెడ్డులోనే ఉండేది.

రొయ్యల గుంటలో ఆక్సిజన్ అన్నింటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున. పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక అదీ పీల్చేదే, రొయ్యలూ పీల్చేవే. రాత్రంతా ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరిగితేనే నిలబడుతుంది. ఆ రోజు మూడు గంటల ప్రాంతంలో కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగాయి, షెడ్డులో కంప్యూటరూ ఆగింది. కాపలా మనిషి లేచి జనరేటరు వేశాడు. మోటారు స్టార్టర్లు కరెంటు రాగానే తమంతట తాము పడవు, ఒక్కొక్కటి బటన్ నొక్కాలి. నాలుగు గుంటలకు గాను మూడింటివి నొక్కాడు, నిద్రమత్తులో నాలుగోది మరిచాడు.

పరికరానికి సొంత బ్యాటరీ ఉంది. అది తన పని మానలేదు. ఆక్సిజన్ గీత దాటి కిందికి దిగిన క్షణాన హెచ్చరిక ఒక్కసారి పంపుతుంది, ఆ తరువాత అరగంటకొకసారి మామూలు రీడింగు. కంప్యూటరు లేచిన కొన్ని సెకన్లకే లైబ్రరీ తన సొంత త్రెడ్‌తో (మిగతా ప్రోగ్రామ్‌తో పాటు వేరుగా నడిచే పని) పరికరానికి కనెక్ట్ అయి, దాచి ఉంచిన హెచ్చరికను అందుకుంది, పెంకుకు ఇచ్చింది. ఆ పాత కంప్యూటరులో స్ప్రింగ్ లేవడానికి నలభై సెకన్లు. స్టాటిక్ ఇంకా ఖాళీ. నా ఇఫ్ ఆ హెచ్చరికను ఎటూ పోకుండా మింగేసింది. తెల్లవారి గట్టు మీదికి వచ్చిన రైతు, రొయ్యలు పైకి తేలి గట్ల వెంట చేరడం చూసి పరుగున స్టార్టర్ నొక్కాడు. పెద్ద నష్టం జరగలేదు. ఆయన నాకు ఫోను చేసి అడిగిన మాట మాత్రం ఇంకా గుర్తుంది. "మీ మిషను పడుకుందా సార్?"

కరెంటు పోయినప్పుడే ఏరియేటర్లు ఆగుతాయి, అప్పుడే ప్రోగ్రామ్ కొత్తగా లేస్తుంది. హెచ్చరిక అత్యవసరమైన నిమిషమూ, మన ఆబ్జెక్టులు ఇంకా అమరని నిమిషమూ ఒకటే. పగటిపూట ఎన్నిసార్లు పరీక్షించినా ఇది బయటపడదు.

తరువాత రెండు మార్పులు చేశాను. లైబ్రరీని మొదలుపెట్టే పిలుపును మెయిన్ (ప్రోగ్రామ్ మొదలయ్యే మెథడ్) నుంచి తీసేసి, స్ప్రింగ్ పూర్తిగా సిద్ధమయ్యాక వచ్చే అప్లికేషన్ రెడీ సంఘటనలో పెట్టాను. లైబ్రరీ ముందే లేవకపోతే తొందరపాటు సమస్యే లేదు. మీ లైబ్రరీ దీనికి ఒప్పుకుంటే ఇది ఒక్కటి చాలు. కొన్ని క్లాసు లోడ్ కాగానే తమంతట త్రెడ్ మొదలుపెట్టేస్తాయి, వాటి కోసం రెండోది. స్టాటిక్ ఖాళీగా ఉంటే పెంకు రీడింగును పారేయదు, ఒక క్యూలో వేస్తుంది. బీన్ సిద్ధం కాగానే క్యూను వరుసగా ఖాళీ చేస్తుంది. క్యూకు పరిమితి పెట్టండి, నిండితే పాత మామూలు రీడింగులను వదిలేయండి, హెచ్చరికలను వదలకండి, వదిలిన ప్రతిసారీ లాగ్‌లో రాయండి. పెంకు స్టాటిక్‌ను చూసి క్యూలో వేయడం, క్యూ ఖాళీ చేయడం, స్టాటిక్ నింపడం ఒకే లాక్ (ఒకసారికి ఒక త్రెడ్‌నే వదిలే తాళం) కింద జరగాలి. లేకపోతే సరిగ్గా ఆ మధ్యలో వచ్చిన రీడింగు క్యూలోనే మిగిలిపోతుంది. బీన్ సిద్ధమయ్యేదాకా ఆ త్రెడ్‌ను ఆపి ఉంచవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. అది లైబ్రరీ త్రెడ్. అదే త్రెడ్ పరికరంతో సంబంధం నిలిపి ఉంచే పని కూడా చేస్తుంటే, మీరు ఆపినంతసేపూ పరికరం మిమ్మల్ని పోయినట్టు లెక్కవేస్తుంది.

ఇంకొక సంగతి. పెంకు మెథడ్ మొత్తాన్ని ట్రై, క్యాచ్‌లో పెట్టి తప్పును మీరే లాగ్ చేయండి. పరికరాల లైబ్రరీలలో చాలావాటికి మన తప్పులను మింగేసే అలవాటు ఉంది. మీ నల్ తప్పు బయటికి కనబడింది కనుక మీ లైబ్రరీ కాస్త మర్యాదైనదే.

ఆబ్జెక్టు ఒక్కటే తయారవుతుందా, కనెక్షన్‌కు ఒకటా, రీడింగుకు ఒకటా అన్నది కూడా కన్‌స్ట్రక్టర్ బ్రేక్‌పాయింట్ వల్లనే తెలుస్తుంది. కనెక్షన్‌కు ఒకటైతే, పది పరికరాల పెంకులు ఒకేసారి ఒకే బీన్‌లోకి వస్తాయి. ఆ బీన్‌లో చివరి రీడింగు లాంటి ఫీల్డు దాచుకుంటే ఒక గుంట డీఓ ఇంకొక గుంట పేరు మీద పడుతుంది. పరీక్షలలో స్ప్రింగ్ కంటెక్స్ట్ ఒకటి కంటే ఎక్కువసార్లు లేస్తే రెండోది మొదటిదాని స్టాటిక్‌ను తుడిచేస్తుంది. అందుకే బీన్ పోయేటప్పుడు స్టాటిక్‌ను ఖాళీ చేయండి, అందులో ఉన్నది తానే అయితేనే.

రైతుల ఫోనుకు యాప్ కూడా రాస్తున్నామన్నారు కనుక రెండు మాటలు. ఆండ్రాయిడ్‌లో యాక్టివిటీని (యాప్‌లో ఒక తెర) పుట్టించేది ఆండ్రాయిడే. ఆండ్రాయిడ్‌లో ఇంజెక్షన్ చేసే హిల్ట్ వాడితే ఆన్‌క్రియేట్‌లో సూపర్ పిలుపు జరిగినప్పుడు ఫీల్డులు నిండుతాయి, ఆ వరుసకు ముందు వాటిని ముట్టుకోకండి. వెనక పనులు నడిపే వర్క్‌మేనేజర్‌కు వర్కర్‌ఫ్యాక్టరీ అన్న మంచి తలుపు ఉంది, దాన్ని వాడేటప్పుడు మ్యానిఫెస్ట్‌లో ఉండే సొంత ఇనిషియలైజర్‌ను తీసేయాలి. యాప్ డేటాను బయటికి అందించే కంటెంట్ ప్రొవైడర్ ఆన్‌క్రియేట్, అప్లికేషన్ ఆన్‌క్రియేట్ కంటే ముందు నడుస్తుంది. అల్లూరు నలభై సెకన్ల కథ అక్కడ ఇంకొక రూపంలో ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయవలసినది. ముందుగా ఆ క్లాసు పైన ఉన్న కాంపొనెంట్ అన్న మాట తీసేయండి, స్ప్రింగ్ తయారు చేసిన, ఎవరూ పిలవని ఆబ్జెక్టు పోతుంది. బ్రేక్‌పాయింట్ పెట్టి, లైబ్రరీ వైపు స్టాక్‌లో రిఫ్లెక్షన్ దాటాక వచ్చే మొదటి మూడు వరుసలు ఇక్కడ రాయండి. ఫ్యాక్టరీ తలుపు ఉందో లేదో వాటిని బట్టి చెబుతాను. పెంకు దారే మిగిలితే, పరికరం నిజంగా పనిచేస్తుండగా కంప్యూటరు ప్లగ్గు పీకి మళ్లీ పెట్టి, మొదటి రీడింగు ఎక్కడికి చేరిందో చూసి అది కూడా రాయండి.